పొగ కనిపించిన చోటే ఊరు

1878 వసంతంలో కెంటకీ నుంచి బయలుదేరిన ఒక నల్లజాతి బృందం కాన్సాస్ రాష్ట్రంలోని ఎల్లిస్ రైల్వే స్టేషన్‌లో దిగింది. అక్కడే పిల్లలకు తట్టు సోకింది. కొందరు పసివాళ్లు చనిపోయారు. మిగిలినవారిని వెంటబెట్టుకుని పెద్దలు గుర్రపు బండ్లలో ఉత్తరంగా ప్రయాణం మొదలుపెట్టారు. బాట లేదు. దిక్సూచిని నమ్ముకుని రెండు రోజులు గడ్డిలో ప్రయాణించాక, ముందున్న మగవాళ్లు 'అదిగో నికోడెమస్!' అని కేకలు వేశారు. జబ్బుతో నీరసించి ఉన్న విలియానా హిక్‌మన్ ఆశగా కళ్లు పెద్దవి చేసి చూసింది. ఏమీ కనిపించలేదు. 'ఊరేదీ?' అని అడిగింది. భర్త డేనియల్ నేలలోంచి అక్కడక్కడా లేస్తున్న పొగలను చూపించి, 'అదే నికోడెమస్' అన్నాడు. ఆమె ఏడ్చేసింది.

తరువాతి కాలంలో ఆమె స్వయంగా చెప్పుకున్న ఈ జ్ఞాపకం నికోడెమస్ చరిత్ర రాసిన ప్రతివారికీ మొదటి పేజీ అయింది. కష్టాల కథగానే దాన్ని చదివి వదిలేస్తే మాత్రం అసలు సంగతి జారిపోతుంది. ఆమె ఒక ఊరు చూడాలని వచ్చింది. అలాంటి ఊరు ఉందని ఒక కాగితం చెప్పింది. అమెరికా గడ్డిమైదానాల్లో పుట్టిన వందలాది చిన్న పట్టణాలలాగే నికోడెమస్ కూడా ముందు కాగితం మీద పుట్టింది, తరువాతే నేల మీదకు దిగింది. మన దగ్గర పొలంలో నాలుగు రాళ్లు పాతి, రంగుల బ్రోచర్ వేసి 'వెంచర్' అనడం చూసినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

ఆ పద్ధతికి పునాది ప్రభుత్వ సర్వే. నదులు, గుట్టలు ఎటు పోయినా పట్టించుకోకుండా అమెరికా ప్రభుత్వం పశ్చిమ భూములను చదరంగం పలకలా గీసింది. ఒక మైలు పొడవు, ఒక మైలు వెడల్పు ఉన్న గడిని 'సెక్షన్' అన్నారు. అందులో 640 ఎకరాలు, నాలుగో వంతు 160. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఈ నాలుగో వంతునే ఒక కుటుంబానికి కొలతగా పెట్టింది. కొద్దిపాటి రుసుము కట్టి, అయిదేళ్లు అక్కడే నివసించి సాగు చేస్తే భూమి సొంతం. అప్పటిదాకా సొంత శరీరం మీద కూడా హక్కు లేని మనుషులకు ఈ చట్టంలోని మాటలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

పొలానికి చట్టం ఉంది. పట్టణానికి కంపెనీ కావాలి. 1877లో గ్రాహం కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), సొలొమన్ నది దక్షిణ పాయకు ఉత్తరాన, ఒక 160 ఎకరాల ముక్కను ఎంచుకుని నికోడెమస్ టౌన్ కంపెనీ ఏర్పడింది. సభ్యులు ఏడుగురు. ఆరుగురు నల్లజాతివారు, ఏడో మనిషి ఇండియానా నుంచి వచ్చిన డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి. పాస్టర్ డబ్ల్యూ.హెచ్. స్మిత్ అధ్యక్షుడు, పాస్టర్ సైమన్ రౌండ్‌ట్రీ కార్యదర్శి, ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే బాధ్యత స్మిత్ అల్లుడు జాఖరీ ఫ్లెచర్‌ది. జూన్‌లో వీధులు, ప్లాట్లు గీసిన పటం సిద్ధమైంది. ఆ నెలలోనే రౌండ్‌ట్రీ వచ్చి అక్కడ తొలి నివాసి అయ్యాడు. జూలై 2 తేదీతో 'అమెరికాలోని నల్లజాతి పౌరులకు' అంటూ ఒక కరపత్రం వెలువడింది. రాష్ట్ర రాజధాని టొపీకాకు పశ్చిమాన 240 మైళ్ల దూరంలో, గొప్ప సొలొమన్ లోయలో అందంగా వెలసిన పట్టణం అని అందులో ఉంది. ఆ రోజున అక్కడ ఉన్నది గడ్డి.

హిల్‌ను మోసగాడని తేల్చేయడం సులభం. అతనికి లాభం కావాలి, దాన్ని దాచుకోలేదు. ప్లాట్లు అమ్మడం, కొత్తవారికి ప్రభుత్వ భూమి చూపించి రుసుము తీసుకోవడం అతని వృత్తి. అయితే కంపెనీలో మిగిలిన ఆరుగురికి లెక్క వేరు. దక్షిణాదిన తమవారికి భూమి దొరకదని, దొరికినా నిలవదని వారికి తెలుసు. ఒకే కాగితంలో ఒకరికి వ్యాపారం, మరొకరికి విముక్తి కనిపించాయి. ఆ రెండూ చాలాకాలం కలిసే నడిచాయి.

ఊరి పేరు విషయంలోనూ ఈ కలగలుపే. బైబిల్‌లో రాత్రివేళ ఏసును కలిసిన నికోడెమస్ నుంచి వచ్చిందని కొందరంటారు. కంపెనీ ప్రచార పత్రంలో మాత్రం ఆ రోజుల్లో అందరి నోళ్లలో నానుతున్న ఒక పాటలోని నికోడెమస్ ఉన్నాడు. ఆఫ్రికాలో పుట్టి, సంచెడు బంగారానికి అమ్ముడుపోయిన బానిస అతను. ఊరు అమ్మడానికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు.

కెంటకీలో ఈ పిలుపు ఎందుకు పనిచేసిందన్నది అసలు ప్రశ్న. అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాలలా కెంటకీ యూనియన్‌ను, అంటే అమెరికా సమాఖ్యను, వీడలేదు. కాబట్టి లింకన్ విముక్తి ప్రకటన అక్కడి బానిసలకు వర్తించలేదు. 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా అక్కడ బానిసత్వం చట్టబద్ధంగానే ఉంది. ఆ తరువాత కూలి, కౌలు, రాత్రిపూట ముసుగు గుంపుల దాడులు. 1877లో దక్షిణాది రాజధానుల నుంచి కేంద్ర సైన్యం రక్షణ కూడా తొలగిపోయింది. కాన్సాస్ సంగతి వేరు. 1861లో బానిసత్వాన్ని నిరాకరించి యూనియన్‌లో చేరిన రాష్ట్రం, బానిసత్వం మీద జాన్ బ్రౌన్ కత్తి పట్టిన నేల. ఆ పేరుకే ఒక ఆకర్షణ ఉంది.

కెంటకీలోని లెక్సింగ్టన్‌లో పంచిన ఒక కరపత్రాన్ని దగ్గరగా చూస్తే వచ్చినవారి ఆర్థిక స్థితి తెలుస్తుంది. 1877 సెప్టెంబరు 5న కాన్సాస్ వెళ్లదలచిన నల్లజాతివారు అయిదు డాలర్లతో వెళ్లవచ్చని అందులో పెద్ద అక్షరాల్లో ఉంది. కాలనీలో సభ్యత్వం ఒక డాలరు. అది కూడా ఒక్కసారిగా కట్టలేనివారు విడతకు పాతిక సెంట్ల చొప్పున, సెప్టెంబరు ఒకటో తేదీలోగా కట్టవచ్చు. ఒక్క డాలరుకు నాలుగు వాయిదాలు! ఆ పాతిక సెంట్లు కూడగట్టుకుంటున్నవారు, చెట్టు లేని మైదానంలో నాగలి, గుర్రం, విత్తనం, ఏడాది తిండి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న ప్రశ్నకు కరపత్రంలో జవాబు లేదు.

ఆ సెప్టెంబరులో సుమారు 300 మంది వచ్చారు. ఎల్లిస్ దాకా రైలు, అక్కడి నుంచి 35 మైళ్ల నడక. వచ్చి చూస్తే పట్టణం లేదు. కొందరు హిల్‌ను ఉరితీయాలన్నంత ఆగ్రహంతో ఊగిపోయారని చెబుతారు. దాదాపు 60 కుటుంబాలు వెనుదిరిగి తూర్పు కాన్సాస్ దారి పట్టాయి. నిలిచినవారందరూ ధైర్యవంతులు కనుకే నిలిచారని రాయడం ఆనవాయితీ. తిరుగు ప్రయాణానికి డబ్బులు లేక ఉండిపోయినవారు కూడా వారిలో ఉండే ఉంటారు. దాంతో వారు చేసిన పని విలువేమీ తగ్గదు.

ముందు తల దాచుకోవాలి. మైదానంలో కలప లేదు, ఏటి ఒడ్డున నాలుగు చెట్లు తప్ప. కాబట్టి నేలలోకే దిగారు. గట్టు వాలును గదిలా తవ్వేవారు. ముందు వైపు పచ్చిక పెళ్లలు, రాళ్లు పేర్చి తలుపుకు చోటు వదిలేవారు. పైన కొమ్మలు పరిచి, వాటి మీద గడ్డి, దాని మీద మట్టి కప్పేవారు. ఒక మూల పొయ్యి, దాని పొగ పైకి పోవడానికి గొట్టం. విలియానా చూసిన పొగ ఇదే. ఇలాంటి ఇల్లు చలికి వెచ్చగా, ఎండకు చల్లగా ఉంటుంది. వాన పడితే మాత్రం పైకప్పు బురదై కారుతుంది, వాన వెలిసిన తరువాత కూడా లోపల కారుతూనే ఉంటుంది. ఆ శరత్కాలంలోనే నిండు నెలలతో వచ్చిన ఎమ్మా విలియమ్స్ అలాంటి గుంతలోనే కొడుకును కన్నది. హెన్రీ అని పేరు పెట్టారు. నికోడెమస్‌లో పుట్టిన మొదటి బిడ్డ అతనే.

వంటచెరకు కూడా లేదు. ఎండిన పొద్దుతిరుగుడు కాడలు, ఏటి ఒడ్డు విల్లో కొమ్మలు, అడవిదున్నల ఎండిన పేడ కాల్చుకున్నారు. పిడకల మీద వండుకున్నారన్నమాట. మైదానమంతా చెల్లాచెదురుగా పడి ఉన్న దున్నల ఎముకలను ఏరి అమ్మి నాలుగు డబ్బులు కళ్లజూశారు. వాటిని తూర్పున పొడి చేసి ఎరువుగా వాడేవారు. అంతకు కొన్నేళ్ల ముందే తోళ్ల వేటగాళ్లు ఆ మందలను దాదాపు తుడిచిపెట్టారు.

మొదటి చలికాలం గడుస్తుందో లేదో అన్న స్థితిలో ఉండగా, వేట ముగించుకుని తిరిగివస్తున్న ఒసేజ్ తెగవారు తమ మాంసంలో కొంత ఇచ్చి వెళ్లారు. ఈ ఘటనను చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. కానీ ఇది ఆగి చూడవలసిన చోటు. ఒసేజ్‌లు కూడా కాన్సాస్‌లో ఉండినవారే. 1870 దశకం మొదట్లో వారిని దక్షిణాన ఇండియన్ టెరిటరీకి (నేటి ఒక్లహామాకు) పంపేశారు. అలా తెగలను కదిలించి, దున్నలను చంపాకే ఆ రాష్ట్ర పశ్చిమ భాగం 'ఖాళీ భూమి' అయి హోమ్‌స్టెడ్ కార్యాలయాల పుస్తకాల్లోకి ఎక్కింది. నేల పోగొట్టుకున్నవారు, అలాంటి నేల మీదికే కొత్తగా వచ్చినవారికి తిండి పెట్టారు.

తిండికి, డబ్బుకు మగవాళ్లు పనుల కోసం వలస పోయారు. రైల్వే పనులకు కొందరు, తూర్పు కాన్సాస్ కోతలకు కొందరు. నెలల తరబడి మగదిక్కు లేని ఇళ్లలో ఆడవాళ్లే పలుగు పట్టి నేల తవ్వారు. మైదానపు నేల మెత్తగా కనిపిస్తుంది గానీ, వేల ఏళ్ల గడ్డివేళ్లు అల్లుకుని చాపలా బిగిసి ఉంటుంది. దాన్ని చీల్చడానికి ఉక్కు నాగలి, బలమైన ఎడ్లు ఉండాలి. నికోడెమస్‌లో గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. పార, పలుగు, గొడ్డలితో ఏడాదికి కొన్ని ఎకరాలు తెరుచుకోవడమే గొప్ప. చేతిలో 160 ఎకరాల కాగితం, సాగులో మాత్రం పెరడంత నేల.

చట్టంలో ఆ 160 అంకెతోనే ఇంకో చిక్కు ఉంది. తూర్పున పుష్కలంగా వానలు కురిసే రాష్ట్రాల అనుభవంతో పుట్టిన కొలత అది. నికోడెమస్ నూరో రేఖాంశానికి కొద్దిగా తూర్పున ఉంది. అక్కడ ఏడాదికి సగటున 20 అంగుళాల అటూ ఇటూ వాన పడుతుంది, అంటే మన అనంతపురం స్థాయి. 1878లోనే జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రభుత్వానికి నివేదిక ఇస్తూ, 20 అంగుళాల లోపు వాన పడే చోట నీటిపారుదల లేకుండా సేద్యాన్ని నమ్ముకోలేమని, పశువుల మేతకైతే కుటుంబానికి 2,560 ఎకరాలు కావాలని చెప్పాడు. ఎవరూ వినదలచుకోలేదు. 'నాగలి వెంట వాన వస్తుంది' అన్న సిద్ధాంతం ఆ కాలపు భూవ్యాపారులకు, రైల్వేలకు ఇష్టమైన శాస్త్రం. నాలుగు మంచి సంవత్సరాలు వస్తే సిద్ధాంతం నిజమైనట్టే ఉంటుంది. ఎండ కాసిన ఏడాది వడగాలికి పైరు మాడిపోతుంది. నికోడెమస్ రెండూ చూసింది. గోధుమ, మొక్కజొన్న, జొన్న వేస్తూ నిలదొక్కుకుంది.

నిలదొక్కుకోవడానికి అసలు ఆసరా కుటుంబం, చర్చి. వచ్చినవారిలో చాలామంది లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ పరిసరాలవారు. ఒకరికొకరు చుట్టాలు, ఒకే చర్చివారు. ఊరంటే వీధులు కాదు, మనుషులేనని అంటే కవిత్వంలా ఉంటుంది గానీ ఇక్కడది అక్షరాలా వాస్తవం. వీధులు పటంలో మాత్రమే ఉన్నాయి, చుట్టరికాలు ముందే ఉన్నాయి. బాప్టిస్టులు, మెథడిస్టులు మొదట గుంతల్లోనే ప్రార్థనలు చేశారు. జాఖరీ భార్య జెన్నీ ఫ్లెచర్ ఇంట్లోనే బడి పెట్టింది. నల్లజాతి బానిసలకు చదువు నేర్పడం కొద్ది ఏళ్ల కిందటి దాకా దక్షిణాదిన చాలాచోట్ల నేరం. ఇక్కడ ఆమె తొలి ఉపాధ్యాయురాలు. ఉత్తరాల వ్యవహారం కూడా ఆ దంపతుల చేతుల్లోనే ఉంది.

1879లో మిసిసిపీ, లూసియానాల నుంచి వేలమంది నల్లజాతివారు ఒక్కసారిగా కాన్సాస్‌కు తరలివచ్చారు. వారిని 'ఎక్సోడస్టర్లు' అన్నారు. నికోడెమస్‌ను కూడా ఆ గాటనే కట్టేయడం సాధారణంగా జరిగే పొరపాటు. ఈ ఊరు ఆ వెల్లువకు రెండేళ్ల ముందే, పథకం ప్రకారం, కంపెనీ పెట్టి, పటం గీసి వచ్చింది. ఆ వెల్లువలో వచ్చినవారికి సహాయ సంఘాలు ఆదరువయ్యాయి. నికోడెమస్‌కు వచ్చినవారు భూమి కోసం దరఖాస్తు చేసుకున్నవారు.

దరఖాస్తులకు ఓట్లు కూడా తోడయ్యాయి. 1878లో షికాగో నుంచి ఎడ్వర్డ్ మెకేబ్ అనే చదువుకున్న నల్లజాతి యువకుడు వచ్చి చేరాడు. 1880లో గ్రాహం కౌంటీ అధికారికంగా ఏర్పడినప్పుడు గవర్నర్ అతన్ని తాత్కాలిక కౌంటీ క్లర్కుగా నియమించాడు. 1882లో రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు, రెండేళ్లకు మళ్లీ గెలిచాడు. కాన్సాస్‌లో రాష్ట్ర స్థాయి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి, నేల గుంతల్లోంచి పొగ లేచిన ఊరి నుంచి వెళ్లాడు.

అయితే కౌంటీ కేంద్రం మాత్రం నికోడెమస్‌కు రాలేదు. గడ్డిమైదానాల్లో కౌంటీ కేంద్రమంటే కోర్టు, రికార్డులు, లాయర్లు, హోటళ్లు, అంటే ఏడాది పొడవునా వచ్చే జనం. మొదట అది మిల్‌బ్రూక్‌కు దక్కింది. 1887లో సుడిగాలి ఆ ఊరిని నేలమట్టం చేసింది. మరుసటి ఏడాది కౌంటీ కేంద్రం హిల్ సిటీకి పోయింది. పేరు చూస్తేనే తెలుస్తుంది. నికోడెమస్ టౌన్ కంపెనీలోని ఆ హిల్ ఈలోగా కొద్ది మైళ్ల దూరంలో తన పేరుతోనే ఇంకో ఊరు వేసుకున్నాడు. భూవ్యాపారికి ఒకే ఊరి మీద మమకారం ఉండాలనుకోవడం మన అమాయకత్వం.

1880ల మధ్యలో నికోడెమస్ మంచి రోజులు చూసింది. మట్టి ఇళ్ల స్థానంలో సున్నపురాతి కట్టడాలు వచ్చాయి. దుకాణాలు, హోటళ్లు, బ్యాంకు, మందుల షాపు వెలిశాయి. 'వెస్టర్న్ సైక్లోన్', 'ఎంటర్‌ప్రైజ్' అని రెండు వారపత్రికలు కూడా నడిచాయి. ఇక రైలు ఒక్కటే తరువాయి. గోధుమను బండ్ల మీద స్టాక్టన్‌కో ఎల్లిస్‌కో తోలాల్సి వస్తే రాబడిలో ఎంతో దారిలోనే పోతుంది. రైలు వచ్చిన ఊరు మార్కెట్ అవుతుంది, రాని ఊరు పల్లెగా మిగులుతుంది. రైల్వే కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. అందుకే అవి ఊళ్లతో బేరాలాడేవి. 1887లో నికోడెమస్ టౌన్‌షిప్ ఓటర్లు మిస్సోరి పసిఫిక్ రైల్వేకు 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పదేళ్ల కిందట డాలరును నాలుగు వాయిదాల్లో కట్టినవారి ఊరు అది. పత్రికలు పండగ చేసుకున్నాయి.

మిస్సోరి పసిఫిక్ పట్టాలు స్టాక్టన్ దాటి రాలేదు. యూనియన్ పసిఫిక్ వచ్చింది, కానీ 1888లో నదికి దక్షిణ ఒడ్డున, నికోడెమస్‌కు ఆరు మైళ్ల దూరంలో పట్టాలు వేసుకుంటూ పోయింది. ఆ పట్టాల పక్కన బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడెమస్ వ్యాపారులు తలుపులు మూసి ఊరుకోలేదు. కొందరు ఏకంగా దుకాణాల భవనాలనే లేపి నది దాటించి బోగ్‌లో దింపుకున్నారు. పత్రికలు ఆగిపోయాయి. పటం మీద పుట్టిన ఊరికి పటం మీద గీసిన మరో గీత అడ్డం వచ్చింది.

ఇందులో జాతి వివక్ష పాత్ర ఎంత అన్నది తరచూ వచ్చే ప్రశ్న. రైలు తప్పిపోయి చచ్చిన తెల్లజాతి పట్టణాలు కాన్సాస్‌లో కోకొల్లలు. కాబట్టి అదొక్కటే కారణమనడం కుదరదు. తెల్లజాతి పెట్టుబడిదారులకు, అధికారులకు దగ్గరి ఊళ్లు బేరంలో ఒక మెట్టు పైన నిలబడేవన్నదీ కాదనలేం.

అసలు విశేషం ఆ తరువాత ఉంది. రైలు తప్పిన గడ్డిమైదానపు పట్టణం మామూలుగా పదేళ్లలో మాయమవుతుంది. మిల్‌బ్రూక్ ఇప్పుడు లేదు. నికోడెమస్‌లో దుకాణాలు పోయాయి గానీ చుట్టూ పొలాలున్న రైతులు కదలలేదు. భూమి సొంతమైంది, దాన్ని రైలు తీసుకుపోలేదు. టౌన్ కంపెనీ ఇచ్చిన కాగితం వట్టిపోయినా హోమ్‌స్టెడ్ పట్టా నిలిచింది. వారిని చివరికి కదిలించినవి 1930ల కరువు, ధూళి తుఫానులు, గోధుమ ధర పతనం. 1950 నాటికి ఊళ్లో 16 మంది మిగిలారు. 1953లో పోస్టాఫీసు మూతపడింది.

వెళ్లిపోయినవారు తిరిగి వస్తూనే ఉన్నారు, ఏడాదికొకసారి. బ్రిటిష్ వెస్టిండీస్‌లో 1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దయిన రోజును నికోడెమస్ మొదటి నుంచీ విముక్తి పండుగగా చేసుకునేది. ఏటి ఒడ్డు తోపులో వంటలు, ప్రసంగాలు, ఆటలు, అన్నీ ఉండేవి. అదే ఇప్పుడు జూలై చివరి వారాంతంలో జరిగే 'హోమ్‌కమింగ్'. మన దగ్గర జాతరకు ఊరు చేరినట్టు, దేశం నలుమూలల నుంచి వారసులు వస్తారు. మిసిసిపీ నదికి పశ్చిమాన, అంతర్యుద్ధం తరువాతి పునర్నిర్మాణ కాలంలో నల్లజాతివారు స్థాపించిన పట్టణాల్లో నేటికీ మిగిలింది ఇదొక్కటే. 1976లో దీన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు, 1996 నుంచి నేషనల్ పార్క్ సర్వీస్ సంరక్షిస్తోంది.

సంరక్షణలో ఉన్నవి అయిదు కట్టడాలు. రెండు చర్చిలు, ఒక బడి, టౌన్‌షిప్ హాలు, ఇంకొకటి సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్. ఆ చివరిది ఫ్లెచర్ దంపతులు 1880 ప్రాంతంలో కట్టుకున్నది. ఉత్తరాలు పంచిన జాఖరీ, గుంత ఇంట్లో పిల్లలకు అక్షరాలు దిద్దించిన జెన్నీ, రైలు దిగి రాబోయే అతిథుల కోసం తెరిచి ఉంచిన హోటల్ అది.